కువైట్ ఎడారిలో బండి కాపురం

మా రాజంపేట వైపు కువైట్ మాట వినని ఇల్లు లేదు. బడిలో పిల్లల వివరాలు రాసుకునేటప్పుడు "మీ నాన్న ఏం చేస్తాడ్రా?" అంటే "కువైట్ మేడం" అనేవాళ్ళు, అదేదో ఉద్యోగం పేరైనట్టు. అయితే అక్కడ పనిచేసి వచ్చినవాళ్ళు ఎందరో గానీ, ఆ దేశాన్ని చూసి వచ్చినవాళ్ళు తక్కువ. ఏళ్ళ తరబడి ఉండి వచ్చిన ఒకామెను "ఎట్టుంటాది మే కువైట్?" అని అడిగితే, కాసేపు ఆలోచించి, "వంటిల్లు మాత్రం శానా పెద్దది టీచరమ్మా" అంది. ఆమెకు కనిపించింది అంతే.

నేను తెలుగు టీచరుగా రిటైరయ్యాక తమ్ముడు సుధాకర్ విజిట్ వీసా పంపితే వెళ్ళాను. పెద్ద భవంతులూ మాల్‌లూ ఒకటి రెండు పూటల్లో అయిపోయాయి. ఆ తర్వాత నేను చూసిన కువైట్ వేరు. చక్రాల మీద నిలబడ్డ ఒక చిన్న ఇంట్లో, దక్షిణాన తోటల దగ్గర్నుంచి ఉత్తరాన ఎడారి చివరిదాకా కాపురం చేసి వచ్చాను. వెళ్ళనివాళ్ళ కోసం అదే రాస్తున్నాను.

ఫర్వానియా

సుధాకర్ ఉద్యోగం అహ్మదిలో, కాపురం ఫర్వానియాలో. తెల్లవారగానే కంపెనీ బస్సు వచ్చి ఎక్కించుకుపోతుంది. ఇంటి కింద కొట్లో రాగిపిండి, గోంగూర, మన వైపు చెనిక్కాయలు అన్నీ దొరుకుతాయి. నాకు ఆశ్చర్యం కలిగించింది రొట్టె. ఇరవై ఫిల్సులకు, అంటే మన ఐదారు రూపాయలకు, చాటంత రొట్టె. మట్టి పొయ్యి లోంచి తీసి చేతిలో పెడతాడు. అక్కడ జనం దాన్ని పేపరులా మడిచి చంకలో పెట్టుకుని నడిచిపోతూ, ఇల్లు చేరేలోపే సగం తినేస్తారు. నేనూ తిన్నాను.

ఒక శుక్రవారం నన్ను చూడటానికి పెంచలమ్మ వచ్చింది. మా చిన్నాన్న కూతురు. పెళ్ళయిన కొత్తల్లో భర్త పోతే కువైట్ ఎక్కిన మనిషి, అప్పట్నుంచీ ఒకే ఇంట్లో వంటపని. ఇంటి యజమానురాలిని ఇక్కడ పనిచేసే ఆడవాళ్ళంతా 'మామా' అంటారు. పెంచలమ్మ వాళ్ళ మామా డెబ్బై దాటిన వితంతువు. పెద్ద కొడుకు పేరు సాలిం కాబట్టి ఊరంతా ఆమెను ఉమ్మ్ సాలిం, అంటే సాలిం తల్లి అని పిలుస్తారు.

"ఏమ్మే, మొకం అట్ట పెట్టినావు?" అన్నాను.

"మామా ఇల్లు పడగొడతాండారక్కా. పాతబడిందంట, కొత్తది కడతారంట. అది అయ్యేదాకా ముగ్గురు కొడుకులు వంతులేసుకున్న్యారు. ఒగ నెల పెద్దోడింట్లో, ఒగ నెల నడిపోడింట్లో, ఒగ నెల చిన్నోడింట్లో."

వంతులు! మా ఊళ్ళో ముసలి తల్లుల్ని కొడుకులు పంచుకునే ఆ మాట, సముద్రం దాటి వచ్చినా నన్ను వదల్లేదనుకున్నాను.

"మామా ఏమంది?"

"పోనంటే పోను అనింది. నాకు కారవాన్ కొనియ్యండి, ఎడార్లో ఉంటా అనింది. జీపుకు కట్టి లాక్కపొయ్యే చక్రాల ఇల్లు అది."

కువైట్‌లో చలికాలం నాలుగు నెలలూ జనం ఎడారిలో డేరాలు వేసుకుంటారు. మనకు కార్తీక వనభోజనాల లాంటిదే, కాకపోతే నెలల తరబడి సాగుతుంది. కానీ వాళ్ళు వారాంతాల్లో వెళ్ళి వస్తారు. ముసలామె ఇంటికి రాకుండా పూర్తిగా అక్కడే ఉంటాననడంతో కొడుకులు బెదిరిపోయారు. చివరికి సాలిం ఒక మాట మీద ఒప్పుకున్నాడట. డ్రైవరునీ పెంచలమ్మనీ తీసుకుని వెళ్ళు, వచ్చే శుక్రవారం నేను వచ్చి చూస్తాను, బాగా ఉంటే అక్కడే ఉండు, లేదంటే నాతో బయల్దేరు అన్నాడట.

"మామా వంతులకు పోతే నాకు ఖలాస్ అక్కా," అంది పెంచలమ్మ. "ఆ ఇండ్లల్లో పనోళ్ళు నిండా ఉండారు. ఈడ ఉండను కాయితం, ఇఖామా, నాకు ఎవురు కొట్టిస్తారు? ఈ వయసులో కొత్త ఇల్లు యాడ ఎతుక్కునేది? నువ్వు మాతో రాక్కా. ఆ బండి మాటలన్నీ ఇంగిలీసే. నాకు ఒగ ముక్క తెల్దు. మామా కూడా రమ్మనింది. మీ అక్క నాకు చుట్టమే గదా అనింది."

సుధాకర్ ఒప్పుకోలేదు. "అక్కా, నువ్వు దేశం చూడను వచ్చినావా, చలికి బిగుసుకుపోను వచ్చినావా?" అన్నాడు. వాడు ఆ మాట పూర్తిచేసేసరికి నేను శాలువా మడత పెడుతున్నాను.

దజీజ్

ఫర్వానియా పక్కనే దజీజ్. గోదాములూ షోరూములూ తప్ప ఇళ్ళు లేని పేట. అక్కడే ఒక షెడ్డులో మా ఇల్లు తెల్లగా, పెద్ద సబ్బుబిళ్ళలా నిలబడి ఉంది. డ్రైవర్ మరియదాసు అప్పటికే దాని చుట్టూ తిరుగుతున్నాడు. అమలాపురం దగ్గరివాడు, నలభై ఏళ్ళుంటాయి. "దణ్ణవండీ అక్కగారూ. లారీ తోలేనండి, ట్రాక్టరు తోలేనండి, ఇల్లు తోలడం ఇదే మొదలండి," అన్నాడు.

మామా నల్లటి అబాయా తొడుక్కుని, చేతికర్రతో టైర్లను ఒక్కొక్కదాన్నీ తట్టి చూస్తోంది. నన్ను చూసి రెండు బుగ్గలూ ముద్దు పెట్టుకుంది. తర్వాత స్పష్టమైన తెలుగులో "తినేసి వచ్చినావా?" అంది. పెంచలమ్మ ఇన్నేళ్ళలో నేర్పిన తెలుగు అది, అందులోనూ మా కడప యాస.

బండి అప్పగించే మెకానిక్ బిహార్ మనిషి అన్వర్. హిందీలో మొదలుపెట్టి ఇంగ్లీషులోకి దొర్లిపోయేవాడు. ఫ్రెష్ వాటర్, గ్రే వాటర్, బ్లాక్ వాటర్ అంటూ మూడు ట్యాంకులు చూపించాడు. నేను టీచర్ని కదా, వెంటనే తెలుగు చేశాను. "మొదటిది మంచినీళ్ళు. రెండోది బూడిద నీళ్ళు. గిన్నెలు కడిగినవీ స్నానం చేసినవీ అందులోకి పోతాయి."

"బూడిద నీళ్ళేందక్కా, కుడితి అను!" అంది పెంచలమ్మ.

ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పిన నాకు ఆ మాట తట్టనే లేదు. అంతకంటే సరైన మాట ఎక్కడుంది? మూడోదానికి ఏ పేరు పెట్టాలో మా ముగ్గురికీ తెలుసు, ఎవరమూ పైకి అనలేదు. "దొడ్డి" అని సరిపెట్టుకున్నాం.

అక్కణ్ణుంచి మాకు ఊపొచ్చింది. జీపుకీ ఇంటికీ ముడివేసే హిచ్చి మరియదాసు నోట్లో "కొక్కెం" అయింది. అది ఊడినా బండి పారిపోకుండా పట్టుకునేది "గొలుసు". బండి ముందు భాగం కొక్కెం మీద మోపే భారాన్ని "మూతి బరువు" అన్నాం. సామాను వెనక్కి సర్దితే మూతి తేలిపోయి, రోడ్డు మీద బండి పాములా ఊగుతుందని అన్వర్ చెప్పాడు. బటన్ నొక్కితే గోడ బయటికి జరిగి గది పెద్దదవుతుంది, అది "సొరుగు". తలుపు ముందు సాగే గుడ్డ పందిరి "పంచ". కిందికి దిగే నాలుగు ఇనుప జాకీలు "కాళ్ళు". నేల ఎగుడుదిగుడైనా ఇల్లు సమంగా నిలబడాలి, అది "మట్టం". బయటి నుంచి కరెంటు తీసుకోవడాన్ని షోర్ పవర్ అంటారట, ఒడ్డుకు కట్టిన పడవల దగ్గర్నుంచి వచ్చిన మాట. "ఒడ్డు కరెంటు" అన్నాను. మరియదాసుకు చాలా నచ్చింది, "మా గోదారి మాటలాగుందండి" అన్నాడు.

ఇల్లూ వాకిలీ వదులుకుని ఏడాది పొడుగునా బండిలోనే ఉండేవాళ్ళను ఫుల్ టైమర్లు అంటారని అన్వర్ చివర్లో చెప్పాడు. పెంచలమ్మకు వివరించాను.

"మంచం కింద ఒగ సూట్‌కేసు పెట్టుకోని బతికేటోళ్ళా?" అంది. "అట్టయితే కువైట్‌లో మనోళ్ళంతా ఫుల్ టైమర్లే గదక్కా."

అన్వర్‌కు తెలుగు రాదు, తాళాలు మా చేతిలో పెట్టాడు. మామా కర్రతో జీపు తలుపు తట్టి "యల్లా!" అంది, ఇక పదండని.

అహ్మది

అహ్మది చేరేలోపే మొదటి దెబ్బ తగిలింది. వెనకనుంచి పెళపెళమని చప్పుడు. దిగి తలుపు తీస్తే, అలమరకు గొళ్ళెం పెట్టలేదు. చింతపండు డబ్బా, పప్పులు, కారం అన్నీ నేల మీద కలిసి ఉన్నాయి. ఆ ఇంట్లో అడుగు పెట్టిన ప్రతివాళ్ళూ రెండ్రోజులు తుమ్మారు.

అహ్మది ఊరు చూస్తే నాకు గుంతకల్లు రైల్వే కాలనీ గుర్తొచ్చింది. చమురు కంపెనీ కట్టిన పాత ఊరు. తిన్నని వీధులు, ప్రహరీలు, ఆ ఇసుకదేశంలో అరుదైన నీడ. మధ్యాహ్నం విరామంలో సుధాకర్ వచ్చి, మేస్త్రీలు వాడే చిన్న రసమట్టం నా చేతిలో పెట్టాడు. "బుడగ నడిమధ్య నిలబడేదాకా కాళ్ళు తిప్పుతానే ఉండు" అన్నాడు. నవ్వు ఆపుకుంటున్నాడు.

ఆ రాత్రి ఊరు దాటి తీరం వైపు డేరాల మధ్య మకాం పెట్టాం. బుడగ మధ్యలో నిలవలేదు. మర్నాడు పెంచలమ్మ దోసె పోస్తే పెనం మీద నూనె అంతా ఒక మూలకు పోయింది, దోసె ఒకపక్క కాలి ఒకపక్క ఉడికింది. మామా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, చెనిక్కాయల ఊరుబిండి అద్దుకుని మొత్తం తినేసింది. అంతకంటే పెద్ద సంగతి, మధ్యాహ్నానికే కొళాయి బుసబుసమని ఆగిపోయింది. పెంచలమ్మ పెద్దింట్లో అలవాటైన చేతితో గిన్నెలు కడిగింది, నేను హాయిగా తలంటుకున్నాను. మంచినీళ్ళు అడుగంటాయి, కుడితి నిండిపోయింది.

మామా కోప్పడలేదు. పక్క డేరా నుంచి ఒక చెంబులో నీళ్ళు తెప్పించుకుని మా ముందే మొహం, చేతులు, పాదాలు కడుక్కుని చూపించింది. చెంబులో ఇంకా నీళ్ళు మిగిలాయి. "మా అమ్మ దీంట్లోనే నాకు తల కూడా రుద్దేది" అందని పెంచలమ్మ తెలుగు చేసింది. ఆమె పుట్టింది డేరాలో అని నాకు అప్పుడే తెలిసింది. ఆ కాలంలో వాళ్ళు ఒంటెలతో, గొర్రెలతో ఉత్తరాన సుబియా ఎడారిలో చలికాలం గడిపేవారట. మేం పోతున్నది అక్కడికే.

వఫ్రా

ముందు నీళ్ళు నింపుకోడానికీ సామాను కోసమూ దక్షిణంగా వఫ్రా వెళ్ళాం. ఎడారి మధ్య తోటలు! ఇసుకలో పోయి పోయి ఒక గోడ తలుపు తోస్తే లోపల టమాటాలు, కీరకాయలు, కొత్తిమీర మడులు. అట్టపెట్టె నిండా టమాటాలు అర దినారు. తోట చూసే బంగ్లాదేశ్ అతను మామా వయసు చూసి కొత్తిమీర ఊరికే ఇచ్చాడు. మన దగ్గర కొసరు అడగాలి, అక్కడ అడక్కుండానే వచ్చింది.

ఆ తోట ముందరే మరియదాసుకు దెబ్బ తగిలింది. నేల చదునుగా కనిపించేసరికి చక్రాలకు అడ్డం పెట్టకుండా కొక్కెం విప్పాడు. బండి జానెడు ముందుకు దొర్లింది. అతని ఎడమ చెయ్యి జీపుకీ బండికీ మధ్యలో నలిగింది. తోటవాళ్ళు ఆస్పత్రికి తీసుకెళ్ళారు. కుట్లు వేసి, పెద్ద కట్టు కట్టించుకుని వచ్చాడు. మనిషి పాలిపోయి ఉన్నాడు.

"నేనే తొందరపడ్డానండి. స్టీరింగు పట్టుకోలేనండి అక్కగారూ. మామా పనంతా పాడు చేసేశానండి," అంటూ కళ్ళు తుడుచుకున్నాడు.

సరిగ్గా అప్పుడే సాలిం ఫోన్ చేశాడు. దాచవచ్చు. మామా దాచలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. అవతల గొంతు పెద్దదైంది. పెంచలమ్మ నా చెవిలో తెలుగు చేస్తోంది: "ఇంగ చాలు, ఆడే ఉండు, డ్రైవర్ని పంపిస్తా, ఇంటికి రా అంటాండాడు."

మామా ప్రశాంతంగా విని, "నువ్వు అన్నది శుక్రవారం. ఇంకా శుక్రవారం రాలేదు," అని ఫోన్ పెట్టేసింది. చేతికర్ర పెంచలమ్మకు ఇచ్చింది. జీపు ఎక్కింది. డ్రైవర్ సీటులో.

"నడుపుతుందా?" అన్నాను.

"పిల్లోళ్ళను బడికి దింపింది ఆమేనక్కా. కండ్లు బాగుండాయి, లైసెన్సుండాది. మోకాళ్ళే నొప్పి."

ముందుకు తోలడం పెద్ద పని కాదు. కారవాన్‌ను వెనక్కి తోలడమే విద్య. స్టీరింగు కుడికి తిప్పితే ఇల్లు ఎడమకు పోతుంది. ఎక్కువ తిప్పితే రెండూ మడతకత్తిలా ముడుచుకుంటాయి. ఆ సాయంత్రం తోట బయట ఖాళీ నేల మీద మామా నేర్చుకుంది. మరియదాసు కట్టు చెయ్యి గుండెకు ఆనించుకుని పక్కన నడుస్తూ చెప్పేవాడు, నేను వెనక నిలబడి చేతులూపేదాన్ని. "యమీన్ అంటే కుడి, యసార్ అంటే ఎడమ" అని నాకు పెంచలమ్మ నేర్పింది. మొదటిసారి ఇల్లు తోట గోడ మీదికే పోయింది. రెండోసారి నా మీదికి వచ్చింది. పొద్దు వాలేసరికి రెండు ఖర్జూరపు చెట్ల మధ్యలోకి తిన్నగా దూరింది. మామా హారన్ కొట్టింది. పెంచలమ్మ ఈల వేసింది. పెంచలమ్మకు ఈల వేయడం వచ్చని నాకు తెలియదు.

ముట్ల దాటి

మర్నాడు ఆ దేశాన్ని ఈ చివర్నుంచి ఆ చివరికి దాటాం. జహ్రా దాటాక ముట్ల గట్టు వస్తుంది. మా పాలకొండల ముందు అది కొండే కాదు, కానీ అంతా చదునైన చోట ఆ కాస్త ఎత్తే గొప్ప. చెక్‌పోస్టు దగ్గర యువ పోలీసు చెయ్యెత్తాడు. అద్దంలోంచి లోపలికి చూశాడు. స్టీరింగు దగ్గర ముసలామె, పక్కన చెయ్యి కట్టుకున్న మగమనిషి, వెనక సీటులో చీరలో నేను, నా పక్కన టమాటాల పెట్టెతో పెంచలమ్మ.

"యుమ్మా, ఎక్కడికి?" అని అడిగాడు. అక్కడ పెద్దావిడ ఎవరైనా 'యుమ్మా'యే, మనం 'అమ్మా' అన్నట్టు.

"ఇంటికి" అంది మామా.

"ఇల్లెక్కడ?"

మామా బొటనవేలితో వెనక్కి చూపించింది. ఆ అబ్బాయి కాగితాలు చూసి, నవ్వి, సెల్యూట్ చేసి వదిలాడు.

సుబియా

సుబియాలో వాన పడిన చోట్ల సన్నటి పచ్చిక మొలిచి ఉంది. దూరాన ఒంటెలు. ఒక పల్లపు చోట గాలి తగలకుండా హాయిగా ఉంది. మామా అక్కడే ఆపింది. "మా నాన్న డేరా ఇక్కడే" అంది. చక్రాలకు అడ్డం పెట్టాం, కాళ్ళు దించాం, ఈసారి రసమట్టంలో బుడగ నడిమధ్య నిలబడింది.

ఒంటెల్ని కాసే సూడాన్ మనిషి ఇద్రీస్ ఒక గిన్నెలో పాలు తెచ్చాడు. నురుగు మీద నురుగు. కాస్త ఉప్పగా, పల్చగా ఉన్నాయి. నాకు పడ్డాయి, మరియదాసుకు పడలేదు. పోతూ పోతూ ఇద్రీస్ నేల చూపించి మామాతో ఏదో అన్నాడు. వాన వస్తే నీళ్ళు ఇటే వస్తాయి, గట్టు మీదికి పొండి అన్నాడట. "నేను పుట్టిన చోటు నాకు చెబుతున్నాడు" అని మామా నవ్వింది.

ఆ ఒకటిన్నర రోజు ఎంత బాగుందో చెప్పలేను. ఉదయం పంచ కింద కూర్చుని చిన్న గాజు గ్లాసుల్లో టీ. మధ్యాహ్నం పెంచలమ్మ సంగటి కెలికింది, మామా మచ్బూస్ వండింది. అది వాళ్ళ మాంసం అన్నం, ఎండు నిమ్మకాయలు వేస్తారు. ఇద్దరూ ఒకే పొయ్యి దగ్గర భుజాలు తగులుకుంటూ వండారు. పెద్దింట్లో ఇన్నేళ్ళలో మామా ఏనాడూ పొయ్యి దగ్గరికి రాలేదని పెంచలమ్మ చెప్పింది. గది అంత చిన్నదైతే యజమానురాలు ఎక్కడ నిలబడాలి, పనిమనిషి ఎక్కడ నిలబడాలి అని లెక్క చూసుకోవడానికి చోటే ఉండదు.

గురువారం సాయంత్రం పడమర నల్లబడింది.

నీళ్ళు

రాత్రంతా రేకు మీద వాన మోగింది. తెల్లవారి మామా నమాజు చేసుకుని తలుపు తీసి, కదలకుండా నిలబడిపోయింది. నేను ఆమె భుజం మీదుగా చూశాను. పైన ఏటవాలు నేల మీంచి గోధుమరంగు నీళ్ళు పల్చటి దుప్పటిలా జారి వస్తున్నాయి. మా మెట్టు అప్పటికే మునిగింది.

"ఇద్రీస్ చెప్పింది నిజం. నేను తప్పు," అంది మామా. అంతే, ఇంక ఒక్క క్షణం దాని గురించి మాట్లాడలేదు. "యల్లా!"

ఎవరికి ఏ పనో ఎవరూ పంచలేదు. పంచ మీద నీళ్ళు నిండి కడుపులా వేలాడుతోంది, బరువుకి చుట్టుకోవడం లేదు. పెంచలమ్మ చీపురు కర్రతో కింది నుంచి పొడిచి ఎత్తింది. నీళ్ళన్నీ ఆమె నెత్తినే పడ్డాయి. "పంచ చుట్టినా!" అని అరిచింది. నేను లోపల బటన్ నొక్కాను, గోడ మూలుగుతూ లోపలికి వచ్చింది. "సొరుగు మూసినా!" నా నోట కూడా ఊరి భాషే వచ్చింది. కాళ్ళు ఎత్తడానికి ఇద్దరం బురదలో మోకాళ్ళ మీద కూర్చున్నాం. ఈలోగా మామా జీపును కొక్కెం దగ్గరికి వెనక్కి తెస్తోంది. మరియదాసు వానలో నిలబడి, "ఇంకొంచెం... షువయ్ షువయ్, నెమ్మదండి... ఆగండాగండి!" అని కేకలు. బెత్తెడు పక్కకు పోయింది. మళ్ళీ ముందుకు పోయి మళ్ళీ వచ్చింది. ఈసారి కొక్కెం టక్కుమని పడింది.

జీపు కదలబోతుంటే కిటికీలోంచి మామా తల బయట పెట్టి అరిచింది: "పెంచలా! గొల్సు?"

గొలుసు తగిలించలేదు! పెంచలమ్మ పరుగెత్తి తగిలించింది. నేను చక్రాల అడ్డాలు లాగి లోపల పడేశాను.

జీపు కదిలింది, పది బారలు పోయింది, ఆగింది. వెనక చక్రాలు తిరుగుతున్నాయి గానీ బండి కదలదు. ఇసుక కిందికి దిగిపోతోంది. నీళ్ళు మా మడమలు దాటాయి. మరియదాసు ఒంటి చేత్తో టైర్లలో గాలి తీస్తున్నాడు. మెత్తబడిన టైరు వెడల్పై ఇసుకను పట్టుకుంటుందట. ఇద్రీస్ ఎక్కణ్ణుంచి చూశాడో పారతో పరుగెత్తి వచ్చి చక్రాల ముందు తవ్వడం మొదలుపెట్టాడు. చక్రం కింద వేయడానికి ఏదైనా కావాలి అన్నాడు. మేం చుట్టూ చూస్తున్నాం. మామా దిగింది. ఇంట్లోకి పోయి, తను కూర్చునే ఎర్ర తివాచీ లాక్కొచ్చింది. మామా పెళ్ళికి తండ్రి ఇచ్చిన తివాచీ అట అది. తన చేత్తోనే చక్రాల కిందికి తోసింది.

"మామా, లా!" అని పెంచలమ్మ అడ్డుపడింది. వద్దని.

"తివాచీ మీద కూర్చోడానికి ముందు మనం ఉండాలి కదా" అని మామా మళ్ళీ స్టీరింగు ఎక్కింది.

జీపు గర్జించింది. తివాచీ బురదలోకి నలిగి, చక్రం దాన్ని కొరికి పట్టుకుంది. ఇల్లు ఒక్క కుదుపుతో లేచింది. మేమంతా పక్కన పరుగెడుతున్నాం. నేను చీర ఎగ్గట్టి, అరవై ఏళ్ళు దాటిన మనిషిని, వానలో అరుస్తూ పరుగెడుతున్నాను. ఇల్లు ఊగుతూ, పక్కకు ఒరుగుతూ, మళ్ళీ నిలదొక్కుకుంటూ గట్టు ఎక్కింది. పైన గట్టి నేల మీద ఆగి, మామా ఆగకుండా హారన్ కొట్టింది. ఆ మోతకు ఒంటెలు చెల్లాచెదురయ్యాయి. ఇద్రీస్ తన ఒంటెల కోసం తిట్టుకుంటూ, నవ్వుకుంటూ పరుగెత్తాడు.

శుక్రవారం

పొద్దెక్కేసరికి వాన వెలిసింది. కింద మేం ఉన్న చోట చెరువు నిలిచింది. మేం మాత్రం గట్టు మీద పంచ విప్పి, తడిబట్టలు ఆరేసి, టీ పెట్టుకుని కూర్చున్నాం.

అప్పుడొచ్చింది సాలిం కారు. మేం చెప్పిన చోటికే, అంటే ఆ పల్లానికే వచ్చింది. అతను దిగాడు. నీళ్ళలో మా ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తేలుతోంది. బురదలోంచి తివాచీ మూల పైకి కనిపిస్తోంది. అతను కాసేపు ఆ తివాచీనే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత తెల్లటి దుస్తులతో అలాగే మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగి, "యుమ్మా! యుమ్మా!" అని అరవడం మొదలుపెట్టాడు. యాభై ఏళ్ళ మనిషి. ఆ కేక నేను మరచిపోలేను.

మామా గబగబా లేచి గట్టు అంచుకు వచ్చి, పిలిచింది. అతను తలెత్తాడు. పైకి ఎలా ఎక్కి వచ్చాడో తెలియదు, వచ్చి తల్లి తలను రెండు చేతులా పట్టుకుని నుదుటి మీద మళ్ళీ మళ్ళీ ముద్దు పెట్టుకున్నాడు. ఆమె అతని వీపు నిమురుతూ, పెంచలమ్మ వైపు చూసి తెలుగులో "టీ పొయ్యి" అంది.

గ్లాసు పట్టుకున్నాక అడిగాడు, బండిని పైకి ఎవరు తెచ్చారని. మరియదాసు కట్టు ఉన్న చేత్తో మామాను చూపించాడు. సాలిం నమ్మలేదు. ఇల్లంతా తిరిగి చూశాడు. కాళ్ళు దించి ఉన్నాయి, మట్టం సరిగ్గా ఉంది, చక్రాలకు అడ్డాలున్నాయి, పొయ్యి మీద మచ్బూస్ ఉడుకుతోంది. బయటికి వచ్చి తల్లి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"ఖలాస్ యుమ్మా. నువ్వు గెలిచావు. ఇక్కడే ఉండు. కానీ మాకు నిద్ర ఎలా పడుతుంది?"

మామా చాలాసేపు ఆలోచించినట్టు నటించింది.

"వంతులు వేసుకోండి," అంది. "ఒక వారం నువ్వు, ఒక వారం నీ తమ్ముడు, ఒక వారం చిన్నవాడు. వచ్చి నా దగ్గర ఉండండి. మంచం ఇరుకు, సర్దుకోవాలి."

పెంచలమ్మ దాన్ని నాకు తెలుగులో చెప్పడం పూర్తి చేయకముందే సాలిం పగలబడి నవ్వాడు. మరియదాసు నవ్వాడు. నేను నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నాను. కొసరుగా మామా ఇంకో మాట అంది, ఈసారి నవ్వకుండా. పెంచలా ఈ ఇంటి మనిషి, ఆదివారం ఆఫీసు తెరవగానే ఆమె ఇఖామా పని చూడు అని. సాలిం తల ఊపి, పెంచలమ్మ వైపు తిరిగి తన గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. అక్కడ అది దణ్ణంతో సమానం.

ఆ సాయంత్రమే నేను సాలిం కారులో ఫర్వానియాకు తిరిగి రావాలి. బ్యాగు సర్దుకుంటుంటే నాకు బెంగ పట్టుకుంది. ఇంత పెద్ద ఎడారిలో పెంచలమ్మను వదిలి ఎలా పోవడం అనిపించింది. "నువ్వూ నాతో వచ్చి రెండ్రోజులు తమ్ముడింట్లో ఉండి రాకూడదా మే?" అన్నాను.

పెంచలమ్మ తడిసిన జుట్టు ముడి వేసుకుంటూ, తలుపు ముందు చెప్పులు వరసగా సర్దుతూ, నా వైపు తిరిగి చూసింది.

"యాడికక్కా, ఇల్లొదిలిపెట్టి?" అంది.